ఉపశమన వైద్యం: ఎవరికి, ఎప్పటి నుంచి, ఎవరి ఖర్చుతో?

(స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ డాక్టరుగారు “ఇక చేసేదేమీ లేదు” అనే మాట ఏ రోగి ముందూ అనేవారు కాదని ఆయన శిష్యులు చెబుతారు. ఆ మాట అనకుండా ఉండాలంటే వైద్యుడి మనసు మంచిదైతే సరిపోదు. చేయగలిగిన పనికి జీతమో ఫీజో ఇచ్చే ఏర్పాటు కూడా ఉండాలి. ఈరోజు ఆ ఏర్పాటు గురించే మాట్లాడతాను.

క్యాన్సర్ ముదిరి పుండు పడిన మనిషి ఇంటికి డాక్టరు, నర్సు వెళ్ళారనుకోండి. కట్టు విప్పి, పుండు కడిగి, మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా నూరి చల్లుతారు. వాసన తగ్గుతుంది. అన్నాళ్ళూ గడప దగ్గరే ఆగిపోయిన మనవలు మళ్ళీ మంచం దగ్గరకు వస్తారు. మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకొకటి చొప్పున ఎందుకు వేయాలో, విరేచనం సాఫీగా అయ్యే మందు దానితోపాటు ఎందుకు మానకూడదో భార్యకు వివరిస్తారు. ఆమె అడగలేక అడిగే ప్రశ్న కూర్చుని వింటారు. ఇదంతా అయ్యేసరికి గంట పడుతుంది. ఆపరేషన్ లేదు, స్కానింగ్ లేదు, ఆసుపత్రిలో పడక లేదు. మరి బిల్లు ఏ పేరున రాయాలి?

అమెరికా ఈ ప్రశ్నకు 1982లో చట్టంతో జవాబు చెప్పింది. వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్‌లో హాస్పిస్ సేవను, అంటే మరణానికి చేరువైన రోగులకు చేసే ఉపశమన సేవను, చేర్చింది. అయితే రెండు షరతులు పెట్టింది. జబ్బు దాని దారిన అది సాగితే రోగి ఆరు నెలలకు మించి బతకడని ఇద్దరు డాక్టర్లు ధ్రువీకరించాలి. ఆ జబ్బు నయం చేసే చికిత్సకు మెడికేర్ డబ్బు ఇక అక్కర్లేదని రోగి సంతకం పెట్టాలి. ఆ తర్వాత హాస్పిస్ సంస్థకు రోజుకింత అని చెల్లిస్తారు, ఆ రోజు ఎవరైనా ఇంటికి వెళ్ళినా వెళ్ళకపోయినా.

ఈ నిర్వచనం మేలు చేసింది, నష్టమూ చేసింది. లక్షల మంది ఇంట్లోనే, అయినవాళ్ళ మధ్య కన్నుమూయగలిగారు. కానీ కీమో వదులుకోవడానికి మనసొప్పని క్యాన్సర్ రోగులు ఆఖరి రోజుల్లో గానీ హాస్పిస్ గడప తొక్కలేదు. మతిమరుపు జబ్బుతో నెలల తరబడి మంచాన ఉండే రోగుల వల్ల సంస్థలకు తక్కువ పనితో రోజువారీ రాబడి వచ్చింది. 2016లో రేట్లు మార్చి మొదటి 60 రోజులకు ఎక్కువ, ఆ తర్వాత తక్కువ చేశారు. చివరి వారంలో నర్సు, సామాజిక కార్యకర్త ఇంటికి వెళితే అదనంగా ఇవ్వడం మొదలుపెట్టారు.

అసలు ఆరు నెలల గీతే సరైనది కాదని 2010లో బోస్టన్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం చూపింది. అప్పుడే ఊపిరితిత్తుల క్యాన్సర్ బయటపడి, అది అప్పటికే పాకిపోయిన 151 మందిని తీసుకుని, కొందరికి మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ ఉపశమన వైద్యం ఇచ్చారు. వారికి దిగులు తగ్గింది, బతుకు మెరుగుపడింది. చివరి రోజుల్లో దూకుడు చికిత్సలు తక్కువైనా సగటున రెండున్నర నెలలకు పైగా ఎక్కువ బతికారు. జబ్బు తొలిదశ నుంచే ఈ వైద్యం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నిర్వచనం కూడా చెప్పింది. రోగితో భవిష్యత్తు గురించి మాట్లాడిన అరగంటకు డాక్టరుకు విడిగా ఫీజు ఇవ్వడానికి మాత్రం మెడికేర్‌కు 2016 దాకా పట్టింది.

కేరళ వేరే దారి పట్టింది. 1993లో కోళికోడ్‌లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ వంటి వారు మొదలుపెట్టిన ఉపశమన వైద్యం ఊరూరా పాకింది. 2008లో రాష్ట్ర ప్రభుత్వం విధానమే ప్రకటించింది. పంచాయతీల నిధులతో నర్సులు ఇళ్ళకు వెళతారు. వాళ్ళకు నెల జీతం అందుతుంది కాబట్టి ఒక్కో పనికి ఒక్కో బిల్లు అక్కర్లేదు, రోగి ఎన్ని నెలలు బతుకుతాడో ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు.

మన దగ్గర సంగతి చూద్దాం. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ (ఉపశమన వైద్య) విభాగం ఏళ్ళుగా పనిచేస్తోంది. తెలంగాణ జిల్లాల్లో పాలియేటివ్ కేంద్రాలు, ఇళ్ళకు వెళ్ళే ‘ఆలన’ వాహనాలు వచ్చాయి. ఇవి గర్వించదగ్గవి. కానీ 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ నడక ప్రధానంగా ప్యాకేజీల మీద, ప్రైవేటు బీమా నడక ఆసుపత్రిలో చేరడం మీద ఆధారపడ్డాయి. అందుకే ఐ.సి.యు.లో గడిపిన ఆఖరి వారానికి డబ్బు దొరికినంత సులువుగా, అదే వారం ఇంట్లో నొప్పి లేకుండా గడపడానికి దొరకదు. కుటుంబాలు అప్పుల పాలవుతున్నది ఇక్కడే.

కాబట్టి నేను కోరేవి మూడు. అర్హతకు కొలత బాధే కావాలి, మిగిలిన నెలలు కాకూడదు. క్యాన్సర్‌తో పాటు గుండె, కిడ్నీ, పక్షవాతం రోగులకూ తొలిదశ నుంచే అందాలి. ఇంటికి వెళ్ళడం, కూర్చుని మాట్లాడటం ఆరోగ్యశ్రీలోనూ బీమాలోనూ చెల్లింపున్న సేవలు కావాలి. రోజువారీ లెక్కన కాకుండా, నిజంగా వెళ్ళిన వారికే ఆ చెల్లింపు జరగాలి. ఇలా ఇళ్ళకు వెళ్ళే జట్లలోని డాక్టర్లకు, నర్సులకు శాశ్వత పోస్టులు ఉండాలి.

నొప్పి తగ్గించడాన్ని దయగా చూసినంత కాలం అది దయగల డాక్టరు దొరికిన రోగికే దక్కుతుంది. హక్కుగా రాసి, బడ్జెట్‌లో పద్దు కేటాయిస్తే ఆదిలాబాదు గూడెంలోని రోగికీ శ్రీకాకుళం పల్లెలోని రోగికీ ఒకేలా అందుతుంది. ఆ పద్దు కోసం ప్రభుత్వాలను అడగడం ఇక్కడ కూర్చున్న ప్రతి వైద్యుడి బాధ్యత.