రేకు మీద లేని స్వరం

 

నన్ను మీ పట్టాల పండుగకు పిలిచినప్పుడు మొదట గుర్తొచ్చింది మా ఇంటి రేడియో. తెల్లవారి మా అమ్మ పొయ్యి వెలిగించకముందే దాన్ని పెట్టేది. విజయవాడ కేంద్రం, భక్తిరంజని. శ్రీరంగం గోపాలరత్నం గారి గొంతు వింటూ పెరట్లో ముఖం కడుక్కునేవాళ్ళం. ఆ పాటలను ఏరి, కూర్చి, మా దాకా పంపినవారెవరో మాకు తెలియదు. పెద్దయ్యాక తెలిసింది, ఆ కార్యక్రమం వెనుక బాలాంత్రపు రజనీకాంతరావు గారి చెయ్యి ఉందని. లోకానికి ఆయన రజని. ఈ రోజు ఆయన గురించే మాట్లాడతాను.

రజని 1920 జనవరి 29న నిడదవోలులో పుట్టారు. తండ్రి వేంకటరావు గారు వేంకట పార్వతీశ కవుల్లో ఒకరు. ఏ పద్యం ఎవరిదని అడగనక్కర లేకుండా ఇద్దరు కలిసి రాసిన జంట అది. ఆ ఇంటి పిల్లవాడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఎం.ఏ. చదివి, 1941లో మద్రాసు రేడియోలో చేరాడు. 1978లో పదవీ విరమణ చేసేదాకా ఆకాశవాణే ఆయన ఇల్లు.

1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చిన రాత్రి మద్రాసు కేంద్రం నుంచి తెలుగువాళ్ళు విన్న జయగీతం ఆయనదే. మాట ఆయనదే, బాణీ ఆయనదే. అప్పటికి ఆయన వయసు ఇరవై ఏడు. ఇక్కడ కూర్చున్న మీలో కొందరి కంటే మూడు నాలుగేళ్ళే పెద్ద.

సినిమాకూ పాటలు కట్టారు. 1945లో వచ్చిన బి.ఎన్. రెడ్డి గారి 'స్వర్గసీమ'లో భానుమతి గారు పావురాన్ని పిలుస్తూ పాడిన పాట మీ తాతయ్యలకు తెలుసు, అడగండి. ఒక హాలీవుడ్ చిత్రంలో విన్న కూనిరాగం దానికి ప్రేరణ. దాన్ని తెలుగు నోటికి తెచ్చినవారు రజని. అయితే ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి చాలా చోట్ల తెర మీద ఆయన పేరు పడలేదు. మారుపేర్లతో కొన్ని, పేరే లేకుండా కొన్ని వెళ్ళిపోయాయి. జంటకవి కొడుక్కి అది పెద్ద కష్టంగా తోచి ఉండదని నా ఊహ. నాకు మాత్రం ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

నేను అన్నిటి కంటే మిన్నగా చూసే పని ఆయన పుస్తకం 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'. 1961లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది. సంగీత శాస్త్రకర్త శార్ఙ్గదేవుడు పాటలోని మాటను మాతువు అన్నాడు, సంగీతాన్ని ధాతువు అన్నాడు. రెండూ తానే చేసేవాడు వాగ్గేయకారుడు. అలాంటివారి చరిత్ర రాయడంలో ఉన్న చిక్కు ఏమిటో తెలియాలంటే తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకును ఒక్కసారి దగ్గరగా చూడండి. పైన రాగం పేరు ఉంటుంది. కింద పల్లవి, చరణాలు వరసగా చెక్కి ఉంటాయి. తాళం ఏమిటో ఉండదు. స్వరం అసలే ఉండదు. ఆ పేరుతో ఆ కాలంలో పాడిన రాగమూ ఈనాటి రాగమూ ఒకటే అని చెప్పేవారూ లేరు. రాగి నిలిచింది, గాలి పోయింది.

భాషా పండితుడు ఆ రేకు చదివి అర్థం చెప్పి సంతోషిస్తాడు. గాయకుడు దానికి తోచిన వరస కట్టి పాడి సంతోషిస్తాడు. రజనికి ఆ రెండు సంతోషాలూ చాలలేదు. స్వయంగా పాట కట్టేవాడు కాబట్టి, ఏ అక్షరం దగ్గర పాడేవాడు ఊపిరి తీసుకుంటాడో, ఏ దీర్ఘం రాగం కోసం సాగిందో ఆయన చెవికి తెలుసు. పోయిన ధాతువు జాడ మిగిలిన మాతువులో వెతకాలంటే అలాంటి చెవి కావాలి. పగలు స్టూడియోలో కొత్త పాట నేర్పిన మనిషి ఐదు వందల ఏళ్ళ నాటి పాటను చదివితే ఆ చదువు వేరుగా ఉంటుంది. రేడియోలో ఆయన కట్టిన లలిత సంగీతాన్ని తేలిక సంగీతమని చిన్నచూపు చూసేవారికి నా జవాబు ఈ పుస్తకమే. క్షేత్రయ్య మీద, రామదాసు మీద ఆయన రాసినవి కూడా ఆ చెవితో రాసినవే.

రజని 2018 ఏప్రిల్ 22న విజయవాడలో కన్ను మూశారు. తొంభై ఎనిమిదేళ్ళు.

మీలో సంగీతం చదివినవారున్నారు, తెలుగు చదివినవారున్నారు. ఈ రెండు శాఖల విద్యార్థులు ఒకరి తరగతికి ఒకరు ఎన్నిసార్లు వెళ్ళారో నాకు తెలియదు. వెళ్ళకపోతే మించిపోయిందేమీ లేదు. రేపు సెలవులకు ఊరు వెళ్తారు. మీ నాయనమ్మ దగ్గరో, పక్కింటి మామ్మ దగ్గరో ఒక మేలుకొలుపు పాటో, నాట్ల పాటో ఉంటుంది. సిగ్గుపడుతుంది, బతిమాలండి. ఫోన్‌లో రికార్డు చేయండి. తరువాత ఇద్దరు కలిసి కూర్చోండి. ఒకరు మాట రాయండి, ఒకరు స్వరం రాయండి. తాళం కూడా రాయండి. కింద ఆమె పేరు, ఊరు, తేదీ వేయండి.