కాగితం జట్లు, కాలేజీ పంతాలు

(మహాసభల్లో చేసిన ప్రసంగ పాఠం)



గల్ఫ్ నుంచి వచ్చినవాణ్ణి గనక ఎండ గురించో, వీసాల గురించో, బంగారం ధర గురించో చెబుతానని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఆ మూడింటి మీదా నాకన్నా బాగా మాట్లాడగలవాళ్ళు ఈ హాలులోనే ఉన్నారు. నేను ఒక ఆట గురించి చెబుతాను. సరిగ్గా చెప్పాలంటే అది ఆట కూడా కాదు, ఆట మీద ఆడే ఆట.

అమెరికా మిత్రులకు వివరించడం తేలిక. మార్చి వచ్చిందంటే మీ ఆఫీసుల్లో కాలేజీ బాస్కెట్‌బాల్ పట్టీలు నింపుతారు కదా. తొలి అంచె ఆటలు వదిలేస్తే 64 జట్లు, 63 మ్యాచ్‌లు. అన్నింటిలోనూ ఎవరు గెలుస్తారో ముందే రాసెయ్యాలి. రెండును 63 సార్లు హెచ్చించి చూడండి, 92 పక్కన పదిహేడు సున్నాలు పెట్టినంత సంఖ్య వస్తుంది. అన్ని రకాలుగా ఆ పట్టీ నింపవచ్చు. మొత్తం తప్పు లేకుండా నింపినవాడు ఇంతవరకు రుజువుతో బయటపడలేదు. 2018లో పదహారో ర్యాంకుతో వచ్చిన బాల్టిమోర్ కౌంటీ జట్టు మొదటి ర్యాంకు వర్జీనియాను 74-54తో ఓడించినప్పుడు లక్షల పట్టీలు చెత్తబుట్టలో పడ్డాయి. అయినా మరుసటి మార్చిలో అందరూ మళ్ళీ పెన్ను తీశారు. డ్యూక్‌కూ నార్త్ కరోలినాకూ మధ్య దూరం పది మైళ్ళు. కొడుకు ఒక కాలేజీలో, అల్లుడు మరో కాలేజీలో చదివి ఉంటే ఆ నెల ఇంట్లో అన్నం ఎలా వడ్డిస్తారో మీకే తెలియాలి.

మస్కట్‌లో మాకు బాస్కెట్‌బాల్ పిచ్చి లేదు. క్రికెట్టు ఉంది, మా కాలేజీలు ఉన్నాయి. అవి రెండూ చాలు.

2008లో నేను మస్కట్ చేరాను. మరుసటి ఏడాది పదిమంది ఇంజనీర్లం కలిసి ఐ.పి.ఎల్. మీద ఒక ఫాంటసీ లీగు పెట్టుకున్నాం. ముగ్గురు కాకినాడ, ముగ్గురు వరంగల్, ఇద్దరు ఉస్మానియా, ఇద్దరు తిరుపతి. ఎవరి జట్టు వారిదే గానీ, చివర్లో కాలేజీ వారీగా సగటు కూడా తీసేవాళ్ళం. అసలు గొడవ అక్కడే. ఉస్మానియా వాళ్ళు మాది 1929 అంటారు. కాకినాడ వాళ్ళు 1946 అంటారు. 'మీ కాలేజీ పుట్టింది విశాఖపట్నంలో, ఇల్లరికం వెళ్ళింది కాకినాడకి' అని మేం అంటాం. మాది 1959, వయసులో చిన్నే, కానీ దేశంలో మొదటి ఆర్.ఈ.సి. నేను ఆర్.ఈ.సి.లో చేరి ఎన్.ఐ.టి. నుంచి బయటికి వచ్చిన బ్యాచి కావడం వల్ల, 'ముందు నీ కాలేజీ పేరేమిటో తేల్చుకో' అని నా నోరు మూయిస్తారు.

తెలియనివారి కోసం పద్ధతి చెబుతాను. నిజం జట్లతో సంబంధం లేకుండా, అన్ని జట్ల ఆటగాళ్ళలోంచి ఒక్కొక్కరం పదిహేనేసి మందిని ఎంచుకుని కాగితం మీద ఒక జట్టు కట్టుకుంటాం. మైదానంలో వాళ్ళు చేసిన ప్రతి పరుగుకు ఒక పాయింటు, వికెట్టుకు ఇరవై, క్యాచికి పది. కెప్టెన్ అని పెట్టుకున్నవాడికి రెట్టింపు. ఒకరు తీసుకున్న ఆటగాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. ఎంపిక పాము నడిచినట్టు వంకరగా సాగుతుంది. మొదటి చుట్టులో ఒకటి నుంచి పది, రెండో చుట్టులో పది నుంచి ఒకటి. ముందు అడిగినవాడికి 1, 20 నంబర్ల ఆటగాళ్ళు, చివరివాడికి 10, 11. కూడితే అందరికీ ఇరవై ఒకటే. అన్నదమ్ముల పొలం పంపకాలు కూడా ఇలా చేసి ఉంటే మన కోర్టుల్లో సగం ఖాళీగా ఉండేవి.

ఈ విద్య మనం కనిపెట్టింది కాదు. 1980లో డేనియల్ ఓక్రెంట్ అనే అమెరికన్ రచయిత, ఆయన స్నేహితులు న్యూయార్కులో బేస్‌బాల్ మీద ఇలాంటి లీగు పెట్టుకున్నారు. వాళ్ళు కలుసుకునే రోటిసరీ హోటలు పేరే ఆ ఆటకు స్థిరపడింది. స్నేహితులు, ఒక భోజనం బల్ల, ఒక లెక్కల పుస్తకం. మూలంలో ఉన్నది ఇంతే. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పని పడుతుంది.

మొదటి సంవత్సరమే ఈ ఆట ఎంత విచిత్రమైనదో తెలిసింది. 2008లో అట్టడుగున ఉన్న మన డెక్కన్ ఛార్జర్స్ 2009లో దక్షిణాఫ్రికాలో ఫైనలుకు వెళ్ళింది. సెమీఫైనల్లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. అది చూసి మా ఉస్మానియా అన్న ఒకాయన ఫైనలుకు ఆయన్ని కెప్టెన్ చేశాడు. జోహన్నెస్‌బర్గ్‌లో కుంబ్లే మొదటి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్‌ను సున్నాకు పంపేశాడు. సున్నాను రెండు పెట్టి హెచ్చించినా సున్నాయే. హైదరాబాదు ఆరు పరుగులతో కప్పు గెలిచింది, హైదరాబాదీ మాత్రం మా లీగులో ఓడిపోయాడు. 'ఖుషీగా ఉన్నా, కానీ ఏడుపొస్తున్నది' అని ఆయన అన్నమాట మాలో సామెత అయిపోయింది.

బహుమతి ఏమిటని అడుగుతారు. మత్రా సూక్‌లో కొన్న ఇత్తడి దల్లా, అంటే అరబ్బులు కాఫీ పోసే కూజా. గెలిచినవాడి ఇంట్లో ఏడాది ఉంటుంది. ఓడిన కాలేజీ వాళ్ళు మిగిలినవారికి భోజనం పెట్టాలి. డబ్బు మాత్రం లేదు. రెండో ఏడాది ఎవరో తలా పది రియాళ్ళు వేద్దామన్నారు. మాలో పెద్దవాడు తిరుపతి ఆయన. 'నాయనా, ఈ దేశంలో జూదం నేరం. అది ఒక సంగతి. పది రియాళ్ళు పోయినోడు మర్నాడు నా ఇంటికి కాఫీకి రాడు. అది రెండో సంగతి' అన్నాడు. అంతటితో ఆ మాట మళ్ళీ రాలేదు.

ఆయన మాట విలువ మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. మా లీగులోకి తర్వాత వచ్చిన ఒక కుర్రవాడు, లెక్కల్లో మా అందరికన్నా చురుకు. ఫోనులో డబ్బు కట్టి ఆడే ఫాంటసీ ఆటలోకి దిగాడు, ఇండియా బ్యాంకు ఖాతా మీద. మా లీగులో గెలిచేవాడు గనక అక్కడా గెలుస్తాననుకున్నాడు. మాకు తెలిసేసరికి మాలో ఇద్దరి దగ్గర, ఒకరికి అమ్మ ఆపరేషన్ అనీ ఇంకొకరికి ఫ్లాటు అడ్వాన్సు అనీ చెప్పి అప్పు తీసుకున్నాడు. కాఫీ దగ్గర ఆ ఇద్దరూ మాట్లాడుకోబట్టి బయటపడింది. నలుగురం కూర్చుని అతని బాకీలన్నీ ఒక కాగితం మీద వేయించాం. ఆ కాగితం భార్యకు అతని చేతే ఇప్పించాం. బయటి అప్పులు మేం తీర్చి, నెలకింత అని మాకు కట్టించుకున్నాం. లీగులోంచి మాత్రం తీసెయ్యలేదు. తీసేస్తే ఆ రాత్రిపూట ఏం చేస్తాడో మాకు తెలుసు.

ఇక్కడ నాకు ఒక ఇంజనీరుగా చెప్పాలనిపించేది ఉంది. పదిమంది, రెండు నెలలు, అరవై డెబ్భై మ్యాచ్‌లు ఉన్నచోట నైపుణ్యం కాస్త పైకి తేలుతుంది. ఒక్క రాత్రి, ఒక్క మ్యాచ్, లక్షలమంది పోటీదారులు, పైన కొద్దిమందికే పెద్ద బహుమతులు ఉన్నచోట అదృష్టమే మిగులుతుంది. పైగా ఒక్కొక్కరు పదుల కొద్దీ జట్లు దింపుతారు. నిర్వాహకుడి కమిషను మాత్రం ప్రతి రాత్రీ ఖాయం. రెండింటికీ పేరొక్కటే, లోపలి యంత్రం వేరు.

చట్టం కూడా ఈ చిక్కుముడితో చాలాకాలం కుస్తీ పట్టింది. 1960ల చివర సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని తేల్చింది. పేకముక్కల మీద వచ్చిన ఆ తీర్పు దశాబ్దాల తర్వాత ఇంటర్నెట్ ఆటలవాళ్ళకు గొడుగు అయింది. మన రాష్ట్రాలు ముందే మేలుకున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ చట్టాలు సవరించి డబ్బు కట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అంతకు ఐదేళ్ళ ముందు ఐ.పి.ఎల్.కే టైటిల్ స్పాన్సరుగా నిలిచిన డ్రీమ్11 కూడా డబ్బు పోటీలు ఆపేసింది. మా కుర్రవాడి లాంటివాళ్ళకు ఆ చట్టం కొంచెం ఆలస్యంగా వచ్చిందన్నదే నా బాధ.

ఇక 2020. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఆ సంవత్సరం వేరే చెప్పనక్కర్లేదు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఇల్లు, పిల్లల బడి అన్నీ పోతాయి. గిల్‌క్రిస్ట్‌ను నమ్ముకున్న మా ఉస్మానియా అన్నకు ఆ వేసవిలో ఉద్యోగం పోయింది. పన్నెండేళ్ళ కాపురాన్ని నాలుగు పెట్టెల్లో సర్ది, భార్యాపిల్లలతో వందే భారత్ విమానంలో హైదరాబాదు వెళ్ళిపోయాడు. విమానాశ్రయానికి వెళ్ళి సాగనంపే వీలు కూడా లేని రోజులవి. సెప్టెంబరులో, ఐ.పి.ఎల్. యు.ఎ.ఇ.లో మొదలవబోతోందనగా, 'నా పేరు కొట్టేయండి. ఒమన్‌లో ఉన్నోళ్ళకే కదా లీగు' అని మెసేజి పెట్టాడు. నిజమే, మా నియమాల్లో మొదటిది అదే. దాన్ని మార్చాలని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? పదకొండేళ్ళుగా ఆయనతో ప్రతి పాయింటుకూ కొట్లాడిన కాకినాడ ఆయన. 'అన్నా, నువ్వు నాకు రెండు భోజనాలు బాకీ. బాకీదారుణ్ణి వదిలేస్తామా?' అని ఫోను చేశాడు.

సరే, డ్రాఫ్టు జరిగింది. చివరి చుట్టులో మహమ్మద్ సిరాజ్ ఇంకా మిగిలే ఉన్నాడు. అప్పట్లో సిరాజ్ అంటే పరుగులు సమర్పించుకుంటాడని అందరూ నవ్వేవారు. 'మా పోరగాడు, నేను తీసుకుంటా' అన్నాడు ఉస్మానియా అన్న. అక్టోబరు 21న అబూధాబీలో కోల్‌కతా మీద సిరాజ్ బౌలింగ్ చూశారు కదా. నాలుగు ఓవర్లు, రెండు మెయిడెన్లు, ఎనిమిది పరుగులు, మూడు వికెట్లు. ఒకే మ్యాచ్‌లో రెండు మెయిడెన్లు వెయ్యడం ఐ.పి.ఎల్.లో అదే మొదటిసారి. మా లీగులో మెయిడెన్‌కు ఇరవై పాయింట్లని మా వరంగల్ వాడొకడు ఎప్పుడో పట్టుబట్టి పెట్టించిన నియమం ఉంది. ఇరవై ఓవర్ల ఆటలో మెయిడెన్ ఎవడు వేస్తాడని దాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు. ఆ ఒక్క రాత్రి సిరాజ్ వంద పాయింట్లు తెచ్చాడు. దుబాయిలో నవంబరు 10న ఫైనలు ముగిసేసరికి దల్లా హైదరాబాదుది.

ఆ రెండు నెలలూ ఆయన మాతో మాట్లాడింది జట్ల గురించే. ఉద్యోగం సంగతి మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. కానీ కాకినాడ ఆయన, తిరుపతి పెద్దాయన ఆయన బయోడేటా పట్టుకుని తమ బ్యాచిల వాళ్ళందరికీ పంపుతూనే ఉన్నారు. మరుసటి వేసవికి మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. ఇప్పించింది కాకినాడ వాళ్ళ జూనియరు. ఆ సంగతి ఉస్మానియా వాళ్ళకు ఇప్పటికీ కొంచెం చిన్నతనం.

ఒమన్ గురించి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. అక్కడి క్రికెట్టుకు పునాది వేసిన కనక్సీ ఖిమ్జీ 2021 ఫిబ్రవరిలో పోయారు. ఆ అక్టోబరులోనే అల్ అమెరాత్ మైదానంలో టీ20 ప్రపంచకప్పు మొదలైంది. రెండు వారాల ముందు షాహీన్ తుఫాను బాతినా తీరాన్ని ముంచేసి వెళ్ళింది, మ్యాచ్‌లు జరుగుతాయా అని అనుమానపడ్డాం. 17న ఒమన్ పపువా న్యూ గినీని పది వికెట్లతో ఓడించింది. ఆ టోర్నమెంటుకు మేం చిన్న లీగు ఒకటి పెట్టి, ప్రతి జట్టులో ఇద్దరు ఒమన్ ఆటగాళ్ళు ఉండి తీరాలన్నాం. సందీప్ గౌడ్ కోసం పోటీ పడ్డాం, ఎందుకంటే పుట్టింది హైదరాబాదులో, ఆడేది ఒమన్‌కు. తీరా ఓపెనర్లు జతీందర్, ఆకిబ్ ఇద్దరే లెక్క ముగించేశారు. మిగిలినవాళ్ళకు బ్యాటు పట్టే పని పడలేదు.

2025 సెప్టెంబరు 19న మాత్రం ఇరకాటంలో పడ్డాం. ఆసియా కప్పులో అబూధాబీలో ఇండియాతో ఒమన్. పుట్టిన ఊరా, తిండి పెట్టిన ఊరా? లీగులో సగంమంది సూర్యకుమార్‌ను కెప్టెన్ చేశారు. ఎనిమిది వికెట్లు పడ్డా ఆయన బ్యాటింగుకే రాలేదు. నలభై మూడేళ్ళ ఆమిర్ కలీమ్ మాత్రం 64 కొట్టాడు. ఇండియా గెలిచింది 21 పరుగులతోనే. ఆమిర్ కలీమ్‌ను కెప్టెన్‌గా పెట్టుకున్నవాడు మాలో ఒక్కడే, ఆ అప్పులు తీర్చేసిన కుర్రవాడు. ఎందుకు పెట్టావురా అంటే, 'మీ అందరి వయసువాడు కదా సార్, పాపం అనిపించింది' అన్నాడు.

దల్లా హైదరాబాదు నుంచి ఇంకా తిరిగి రాలేదు. తర్వాత నలుగురు గెలిచారు, నలుగురూ వెళ్ళి అడిగారు. పెట్టెలో పట్టదంటాడు, కస్టమ్స్ వాళ్ళు ఆపుతారంటాడు, మరమ్మతుకు ఇచ్చానంటాడు. కిందటిసారి నేను కూకట్‌పల్లిలో వాళ్ళింటికి వెళితే వాళ్ళావిడ అందులోనే టీ పోసి ఇచ్చింది. నేను తాగి వచ్చేశాను.