నీటికి తిరుగు ప్రయాణము

నీరు పల్లమెరుగునని పెద్దల మాట. పల్లమెరిగిన ఆ నీటిని మరల మిట్టకెక్కించు యంత్రములు మన కృష్ణానదిపై, నాగార్జునసాగర్ ఆనకట్ట పాదమున గలవు. వానిని గూర్చి నేడు కొంత ముచ్చటింతము.

1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్ట మొదట సేద్యము కొరకు తలపెట్టినది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. విద్యుత్తు తరువాత వచ్చినది. 1978లో నడువనారంభించిన మొదటి యంత్రము సామాన్యమైనది. దాని శక్తి 110 మెగావాట్లు. నీరు పడునపుడు తిరిగి విద్యుత్తునిచ్చును, అంతే. దాని ప్రక్కన 1985 నాటికి, ఒక్కొక్కటి నూరు మెగావాట్లకు కొంచెము మించినవి, మరి యేడు యంత్రములు వెలసినవి. వీనికి రెండు నడకలు. నీరు దిగునపుడు చక్రము తిరిగి విద్యుత్తు పుట్టును. బయటి విద్యుత్తుతో అదే చక్రమును వెనుకకు త్రిప్పినచో జనరేటరు మోటారగును, టర్బైను పంపగును, దిగువ నీరు జలాశయమునకెక్కును.

నీటినెక్కించుటకు నూరు యూనిట్లు ఖర్చయినచో, దింపునపుడు తిరిగి వచ్చునవి ఇంచుమించు డెబ్బదియైదు మాత్రమే. ఇది నష్టపు బేరము కాదా? ఇంటి లెక్కలు వ్రాయు గృహిణి తప్పక అడుగవలసిన ప్రశ్నయే. కాని ఊరు నిద్రించినదని బొగ్గు కేంద్రమును అర్ధరాత్రి ఆర్పి, తెల్లవారగనే అంటించుట కుదరదు. ఎండతో పుట్టు విద్యుత్తు మధ్యాహ్నము పొంగిపొరలి, దీపములు పెట్టువేళకు మాయమగును. మిగులు వేళ దాచి, కరవు వేళ తీయుటయే ఇందలి కిటుకు. గాదెలోని ధాన్యములో కొంత ఎలుకల పాలగుట రైతెరుగును; అయినను గాదె కట్టుట మానడు.

అయితే నీరు తోడుటకు దిగువనొక మడుగు ఉండవలెను గదా! ఆ మడుగు లేనంతకాలము ఈ యేడు యంత్రములును మొదటిదానివలెనే పనిచేసినవి. వానినుండి వెడలిన నీరు ఏటిదారిన ప్రకాశం బ్యారేజీకి సాగిపోవుటయే గాని వెనుకకు వచ్చుట లేదు. ఇరువది కిలోమీటర్ల దిగువన, పల్నాటి సీమలో సత్రశాలవద్ద అడ్డకట్ట పని మొదలగుటకు దాదాపు రెండు దశాబ్దములు పట్టినది. కోట్ల రూకలు పోసి తెచ్చిన యంత్రములు సగము విద్య మరచి కూర్చుండుట మాకు వింతగనే తోచును.

2014లో రాష్ట్రము రెండైనది. పై విద్యుత్కేంద్రము తెలంగాణకు, దిగువ సత్రశాల కట్ట ఆంధ్రప్రదేశమునకు చెందినవి. 2021 జూలైలో తెలంగాణ విద్యుత్తు కొరకు నీరు విడువగా, సేద్యపు నీరు అకాలమున దిగువకు పోవుచున్నదని ఆంధ్రప్రదేశము ఆక్షేపించెను. ఆనకట్టకు ఇరువైపుల పోలీసులు కాపుండిరి. దింపిన నీటిని మరల ఎక్కించుకొనగలిగినచో ఈ తగవులో కొంతయైనను తగ్గును. సాయంకాలము దీపములకు వాడిన నీరు తెల్లవారులోగా జలాశయమునకు చేరును, రైతు వాటా పెద్దగా తరుగదు.

కాని, దింపిన నీరు దిగువ నిలువవలెనన్నచో సత్రశాల తలుపులు ఒక ప్రభుత్వము మూయవలెను. అర్ధరాత్రి దానిని పైకి తోడవలెనన్నచో యంత్రములను వేరొక ప్రభుత్వము త్రిప్పవలెను.