తిట్టును చెరిపి తిట్టినోణ్ణి దాస్తారా?

(మండల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల ఊరి పేరు మీద వాట్సాప్ గ్రూపు లేని ఊరు తక్కువ. అందులో వాడ కూడా ఉంది. మరి అడ్మిన్ ఎవరు? రచ్చబండ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నోళ్లే చాలాచోట్ల ఇక్కడా కూర్చున్నారు. ఎవడో ఒకడు బాబాసాహెబ్ మీదో, రిజర్వేషన్ల మీదో కారుకూత కూస్తాడు. ఒక్కరూ నోరు మెదపరు. మన పిల్లోడు జవాబు పెట్టాడో లేదో, అడ్మిన్‌కి ఊరి శాంతి గుర్తొస్తుంది! కూతా, జవాబూ రెండూ తుడిచేసి 'గొడవలొద్దు' అంటాడు. 2022 నుంచి ఎవరి మాటనైనా అందరి ఫోన్లలోంచీ తీసేసే మీట అడ్మిన్ చేతికొచ్చింది.

మన మాట తీసెయ్యమనటం కొత్తేం కాదు. 1936లో లాహోరులో జాత్-పాత్ తోడక్ మండల్ వాళ్లు అంబేడ్కర్‌ని అధ్యక్షోపన్యాసానికి పిలిచారు. కులం పోవాలనేవాళ్లే సుమా! ఉపన్యాసం చూసి కొన్ని భాగాలు తీసెయ్యమన్నారు. ఒక్క కామా కూడా మార్చనన్నాడాయన. వాళ్లు సభనే మానుకున్నారు. ఆయన సొంత ఖర్చుతో అచ్చేయించాడు. అదే 'కులనిర్మూలన'.

అట్లాగని ఏదీ తీయొద్దని మేం అనటం లేదు. బూతు అట్టాగే ఉంటే మన ఆడపిల్లలు ఆ గ్రూపు తెరవలేరు. తీయాల్సిందే. కానీ తిట్టూ, తిట్టుకు జవాబూ ఒకే గాటన కట్టటానికి మేం ఒప్పుకోం. పైగా ఆ తిట్టు ఉత్త గొడవ కాదు, నేరం. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో నలుగురి కంటా పడేచోట కులం పేరుతో తిట్టటం నేరం. ఇంటర్నెట్‌లో చేసిన అవమానానికీ ఆ చట్టం వర్తిస్తుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. మనం గౌరవించే, చనిపోయిన పెద్దల్ని కించపరచటం కూడా 2015 సవరణతో నేరమైంది. ఆధారం చెరిపేస్తే కేసెక్కడ నిలబడుద్ది?

అందుకని ముందు పట్టుకోండి, తర్వాతే తీయమనండి. ఒక్క మాటే కాదు, దాని పైనా కిందా ఉన్నవి కూడా స్క్రీన్‌షాట్ తీయండి. నంబరు, తేదీ, టైము కనపడాలి. చూసిన ఇద్దరి పేర్లు రాసుకోండి. ఆ ఫోను అమ్మొద్దు, అందులోది తుడవొద్దు. కోర్టులో 2023 సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ అడుగుతారు. వకీలుకి ముందే చెప్పండి.

మన సంఘం గ్రూపుల సంగతీ చెప్పాలి. అడ్మిన్లు ముగ్గురుండాలి, ఒకరు ఆడమనిషి కావాలి. ఏ మాట తీశారు, ఎవరు తీశారు, ఎందుకు తీశారు అన్నది సంఘం పుస్తకంలో రాయండి. తీసింది మన నాయకుణ్ణి అడిగిన ప్రశ్న అయితే, మరీ తప్పకుండా రాయండి.