సరియైన జవాబును నిర్ణయించువా రెవరు?

కంప్యూటరు ప్రోగ్రాము సరిగా పనిచేయుచున్నదో లేదో తెలిసికొనుటకు ఒక సులభమైన పద్ధతి కలదు. దానికి ఒక ప్రశ్న నిచ్చి, రావలసిన జవాబును ముందుగనే ఒక ఫైలులో వ్రాసి యుంచెదరు. ప్రోగ్రాము ఇచ్చిన జవాబును ఆ ఫైలుతో యంత్రమే అక్షర మక్షరము పోల్చి చూచును. రెండును ఒకటియైనచో పరీక్ష నెగ్గినట్లు, లేనిచో తప్పినట్లు.

వినుటకు తేలికగా నున్న ఈ పద్ధతిలో ఒక చిక్కున్నది. రస్ట్ అను ప్రోగ్రామింగు భాషను తీసికొందము. దీని 1.0 సంచిక 2015లో వెలువడినది. ఈ భాషలో వ్రాసిన దానిని యంత్రభాషలోనికి మార్చు కంపైలరు, వ్రాసినవారి తప్పులను సందేశములరూపమున చూపును. ఆ సందేశము లెట్లుండవలెనో తెలుపు ఫైళ్లు వేలకొలది కలవు. తరచుగా వచ్చు సందేశములో ఒక్క మాట మార్చినను అనేక పరీక్ష లొక్కసారిగా తప్పును. అన్ని ఫైళ్లను చేతితో దిద్దుట విసుగైన పని. ఆ విసుగులో క్రొత్త తప్పులు దొరలును.

అందువలన 'బ్లెస్' అను ఆజ్ఞను కల్పించిరి. బ్లెస్ అనగా ఆశీర్వదించుట. ఆ ఆజ్ఞ నిచ్చినచో, ప్రోగ్రాము నేడిచ్చిన జవాబే ఇకమీదట సరియైన జవాబుగా ఫైళ్ల కెక్కును. గంటల శ్రమ తప్పును.

అయితే ఆశీర్వదించు యంత్రమునకు మంచిచెడ్డల వివక్ష లేదు. నిన్న 100 రూపాయలని చూపిన లెక్క నేడు పొరపాటున 10 అని చూపినను, అది 10 అనియే వ్రాసికొనును. మరునాటినుండి ఆ పరీక్ష తప్పునే కాపాడుచుండును. ఎవరైన లెక్కను సరిదిద్దినచో, వారినే తప్పుపట్టును! దొంగచేతికి తాళము లిచ్చుట యనిన ఇదియే.

దీనికి ఉపాయము లేకపోలేదు. రస్ట్ పరీక్షలలో, ఒక్కొక్కరి యంత్రమునుబట్టి మారు ఫోల్డరు పేరులు మొదలగువానికి బదులు స్థిరమైన గుర్తుల నుంచెదరు. అందుచే అనవసరమైన భేదములు తగ్గి, చూడవలసినవి కంటబడును. ఇక మారిన ఫైళ్లలో పాత పంక్తిని, క్రొత్త పంక్తిని ప్రక్కప్రక్కన నుంచి, వ్రాసినవారును మరియొకరును చదివిన పిమ్మటనే అంగీకరింపవలెను.

వంద ఫైళ్లు మారినచో వందయును చదువవలెనా? చదువవలెను. కాని భయపడ నక్కరలేదు. తొంబదితొమ్మిదింటిలో ఒకే విధమైన మార్పు కనబడినచో, కన్ను వానిపై వడివడిగా సాగిపోవును. వానితో పోలని ఆ ఒక్కదానివద్దనే ఆగవలెను. నకలు వ్రాయుట యంత్రమునకు విడువవచ్చును. అక్కడ ఆగుట మాత్రము మన పని.