నున్నగా లేని బొమ్మ

(వాడలో జరిగిన యువజనుల సమావేశంలో మాట్లాడిన మాటలు)



బొమ్మల కాలేజీలో చదివే మన వాడ పిల్లోడు, నాటు వేస్తూ వంగిన వాళ్లమ్మను మట్టితో చేసి తెచ్చాడు. మీరంతా చూశారు. "ఆ నడుమేంది, ఆ వేళ్లేంది, దయ్యం లెక్కుంది. అమ్మను అందంగా చేయరాదా?" అన్నారు కొందరు. కాలేజీలో సారు కూడా నున్నగా చేసి తెమ్మన్నాడట. పిల్లోడు దాన్ని పగలగొడతానంటున్నాడు.

వాడికి ఆ ధైర్యం ఎక్కడిదో చెప్తాను. లైబ్రరీ పుస్తకంలో రామ్‌కింకర్ బైజ్ చేసిన 'సంతాల్ కుటుంబం' ఫొటో చూశాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదన్నాడు.

రామ్‌కింకర్ 1906లో బెంగాల్‌లోని బాంకురాలో పుట్టాడు. మంగలి కులం, పేద ఇల్లు. దేవుళ్ల బొమ్మలు చేసే పనివాళ్లను చూస్తూ మట్టి పని పట్టుకున్నాడు. పత్రికా సంపాదకుడు రామానంద చటర్జీ కంట పడి 1925లో శాంతినికేతన్ చేరాడు. ఆ కాలంలో పట్నాల్లో విగ్రహమంటే రాజుదో, దొరదో. కంచుతోనో, పాలరాయితోనో చేసేది. 1938లో ఈయన నిలబెట్టింది ఎవరిని? కావడి మోస్తూ వలసపోయే సంతాల్ కూలీని, అతని భార్యను, తట్టలో కూచున్న బిడ్డను, వెంట నడిచే కుక్కను. అదీ మామూలు మనిషి కంటే పెద్ద సైజులో!

కంచుకు డబ్బుల్లేవు. ఇనుప చువ్వలతో కట్టు కట్టి, సిమెంటులో ఆ నేల ఎర్ర కంకర కలిపి, ముద్దలు చేత్తో విసిరి అతికించి, పూర్తిగా గట్టిపడకముందే చెక్కాడు. అందుకే దాని ఒళ్లంతా గరుకు. చేతి దెబ్బ ఎక్కడ పడిందో కనబడుతది. నన్నడిగితే ఆ గరుకే దాని ప్రాణం. ఎండలో కాలిన చర్మాన్ని నున్నగా తోమితే అది ఎవరి చర్మం?

1956లో 'మిల్లు కూత' చేశాడు. తడి బట్టలు గాలికి ఎగురుతుంటే మిల్లుకు ఉరికే సంతాల్ ఆడకూలీలు. జాలి పడాల్సిన ముఖాలు కావవి. 1970లో సర్కారు పద్మభూషణ్ ఇచ్చింది, 1980లో పోయాడు.

ఒక్క మాట ఉంది. రామ్‌కింకర్ సంతాల్ కాదు. ఎంత ప్రేమగా చేసినా బయటినుంచి చూసి చేశాడు. మన పిల్లోడు సొంత తల్లిని చేశాడు. ఆ వేళ్ల సందుల్లో నీటికి పాసిన పుండ్లు వాడికి తెలుసు, సారుకు తెలియదు.

బొమ్మ పగలగొట్టొద్దని చెప్పిన. సిమెంటుతో పెద్దది చేస్తానంటున్నాడు. సిమెంటు బస్తాలు, చువ్వలు కావాలి, చందా రాయండి. అంబేద్కర్ విగ్రహం పక్కన పెట్టాలని యువకులు, అక్కడ వంగిన మనిషి బొమ్మ ఎందుకని పెద్దలు అంటున్నారు. మనం కొట్లాడుకునే ముందు వాళ్లమ్మను అడుగుదాం. అదిగో, వేపచెట్టు కింద కూచుంది. అక్కా, ఇట్ల ముందుకు రా.