విషమే యౌషధమగు విధము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



యుక్తితోఁ బ్రయోగించినచోఁ దీక్ష్ణవిషము సైతము ఉత్తమౌషధ మగునని చరకసంహిత చెప్పుచున్నది. అందులకు మన కాలమున నిదర్శనమైన యొక మందును గూర్చి నేఁడు విన్నవించెదను.

పుట్టుకకు ముందో, పుట్టిన వేళనో, తొలియేండ్లలోనో మెదడునకు హాని కలిగిన శిశువులలోఁ బలువురకుఁ గండరములు బిగుసుకొనును. మడమ నేల కానదు, మునివ్రేళ్లపై నడతురు, తొడలు కత్తెరవలెఁ బెనఁగొనును. దీనిని సెరిబ్రల్ పాల్సీ యందురు. లండను వైద్యుఁడు విలియం లిటిల్ 1861లోనే దీనిని వర్ణించెను. ఇది తల్లి చేసిన పాపము కాదు. పూర్వజన్మ ఫలమని చేతులు ముడుచుకొని కూర్చుండఁదగినదియుఁ గాదు.

చెడిన మాంసాదులలోఁ బుట్టు బొట్యులినమ్ విషమును జర్మను వైద్యుఁడు కెర్నరు 1820 ప్రాంతమునఁ బరిశోధించి, యిది మందుగాఁ బనికివచ్చు నని యూహించెను. 1989లో అమెరికా ఔషధాధికారులు మెల్లకంటి చికిత్సకు దీని ననుమతించిరి. 1993లో సెరిబ్రల్ పాల్సీ గల పిల్లలకుఁ జేసిన చికిత్సాఫలితములు ప్రకటితము లయ్యెను. అత్యల్పమాత్రను సూదితోఁ గండరమున కెక్కింపఁగా, నరము పంపు నాజ్ఞ యచ్చట నాఁగి బిగువు సడలును. కొలఁది దినములలో గుణము కనఁబడి, రమారమి 3 నెలలు నిలుచును. కాని మెదడునందలి గాయమును ఇది మాన్పదు. కుఱుచయై గట్టిపడిన కండరమును సాగింపఁజాలదు. సూది వేయించిన పిదప మ్రింగుటగాని, ఊపిరి తీయుటగాని కష్టమైనచోఁ దత్క్షణము వైద్యునికడకుఁ గొనిపోవలెను.

కావున ఆ 3 నెలలే మనకు ముఖ్యము. అనుదినము కండరములను సాగదీయుట, నడక నభ్యసింపఁజేయుట, కాలికిఁ గట్టు తొడుగుట లేనిచో సూదికైన ద్రవ్యము వ్యర్థమగును. వైద్యుఁడు తలుపు తెఱచును, నడిపింపవలసినవారము మనము.

ఒక తప్పు నొప్పుకొనెదను. నేను ఉపాధ్యాయుఁడనై యుండఁగా, మునివ్రేళ్లపై నడచు నొక బాలుని తండ్రి బడికిఁ దోడ్కొనివచ్చెను. “మెట్లెక్కలేనివాఁడు, ఇంటనే యుంచుకొనుఁడు” అని పంపివేసితిని. ఆ బాలుఁడు గుమ్మమునొద్దనే నిలిచి, నల్లబల్లపై నేను వ్రాసిన పద్యమును తప్పులేక చదివి మఱి వెడలెను. ఆ గొంతు నా చెవుల నేఁటికిని వినఁబడుచున్నది. కొఱఁత వానిది కాదు, నాది.

దాతలారా! విద్యార్థి వేతనములు, వసతిగృహములు మీ చలువ. ఇఁక నట్టి బిడ్డల సూదికే కాక, తరువాతి వ్యాయామచికిత్సకును, ప్రయాణవ్యయమునకును నిధి నొసఁగుఁడు; వసతిగృహమునఁ గ్రింది యంతస్తులో నొక గదిని వారికై విడువుఁడు. నా వంతుగా నొక నెల పింఛను నీ సభాముఖమున సమర్పించుచున్నాను.

శుభమస్తు.